ఆరువందల పన్నెండు ముళ్ళు

పగబట్టినవాళ్ళు పళ్ళు నూరతారనీ, నిద్ర మానేస్తారనీ, గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెడతారనీ లోకం అనుకుంటుంది. దారాలక్క ఇవేవీ చెయ్యలేదు. నాలుగేళ్ళ పాటు వేళకు ఆసుపత్రికి వచ్చింది, వేళకు ఇంటికి వెళ్ళింది, వారానికి మూడు ముళ్ళు వేసింది. ఆమె మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేకపోయారు.

ఆమె ఆ పెద్దాసుపత్రిలో రికార్డు రూము చూసుకునేది. మెట్ల కింద, నేలకన్నా రెండడుగులు దిగువన ఉండే పొడుగాటి గది. ఇనప రాకులు, చెమ్మ వాసన, ఒకే ఒక కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే మనుషులు కనిపించరు, వాళ్ళ చెప్పులే కనిపిస్తాయి. ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగికీ ఒక కేస్ షీటు ఉంటుంది. ఏ బాధతో వచ్చారు, ఏ మందు ఇచ్చారు, ఏది పడింది, ఏది పడలేదు, అన్నీ డాక్టర్లూ నర్సులూ అందులో రాస్తారు. రోగి ఇంటికెళ్ళాక ఆ కాగితాలు ఈ గదికి దిగుతాయి. అదే మనిషి మళ్ళీ వచ్చి చేరితే, పాత కేస్ షీటు వెతికి తీసి, కొత్తదానికి ఎర్రదారంతో కట్టి వార్డుకు పంపాలి. దారం కనబడిందంటే డాక్టరు ముందు పాతది చదవాల్సిందే. అరవై ఏళ్ళ కిందట ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన పద్ధతి. ఈ దారాల వల్లే ఆమెకు దారాలక్క అని పేరొచ్చింది. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండిపోయింది.

ఆమె వేసే ముడి కూడా అందరూ వేసేది కాదు. వాళ్ళమ్మ ముప్ఫై ఏళ్ళు ఒక లారీ ఆఫీసు గోదాములో పార్సిళ్ళు కట్టింది. లారీ ఎన్ని గోతుల్లో పడి లేచినా ఊడని ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది. ఒక కొసను వెనక్కి తోసి, రెండోదాన్ని గోటితో పైకెత్తితే తప్ప రాదు. ఆ కిటుకు ఆ తల్లికీ, ఇద్దరు కూతుళ్ళకీ మాత్రమే తెలుసు. వార్డులో నర్సులు దారాలక్కను తిట్టుకుంటూ కత్తెర తీసేవాళ్ళు.

కొత్త సూపరింటెండెంటు వచ్చిన ఏడే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. దేశంలో వైద్యం మెరుగవ్వాలి, ఖర్చు మాత్రం పెరగకూడదు. మాట మంచిదే, కాదనేవాళ్ళెవరు? దాన్ని కొలవడానికి రెండు లెక్కలు పెట్టారు. రోగి సగటున ఎన్ని రోజులు మంచం మీద ఉన్నాడన్నది ఒకటి. ఇంటికి పంపాక నెల లోపల ఎంతమంది తిరిగొచ్చారన్నది రెండోది. రెండూ తక్కువున్న ఆసుపత్రికి నిధులు, దాని పెద్దకు పేరు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, ప్రభుత్వానికి కావలసిందే ఆయనకూ కావలసి వచ్చింది.

సూపరింటెండెంటు తెలివైనవాడు. తెలివి చాలామందికి ఉంటుంది, అది ఎటు తిరుగుతుందన్నదే గొడవ. మొదటి లెక్క కోసం, ఎలాంటి ఆపరేషనైనా రెండు రోజుల్లో డిశ్చార్జి అన్నాడు. కుట్లు పచ్చిగా ఉన్నా సరే, మూడో రోజు తెల్లారేసరికి మంచం ఖాళీ కావాలి. అప్పట్నుంచి ఆయనకు రెండ్రోజుల సారు అని పేరు పడింది. మరి అలా పంపినవాళ్ళు జ్వరంతో తిరిగి రారా? వస్తారు. అందుకు రెండో ఉపాయం. తిరిగొచ్చినవాణ్ణి తిరిగొచ్చినవాడు అనకూడదు. కొత్త నంబరు, కొత్త కార్డు, కొత్త రోగం. కార్డులో "గతంలో ఈ ఆసుపత్రిలో చేరారా" అన్న గడిలో "లేదు" అని రాయాలి. ఇక పాత కేస్ షీటుతో పనేముంది, దారంతో పనేముంది? స్టోర్సు జాబితాలో ఎర్రదారం ఉండల మీద అడ్డగీత పడింది. మనుషుల మీదా గీత పడింది. అడ్మిషన్ కౌంటరులో ఇద్దరు గుమాస్తాల్ని తీసేసి, మధ్యాహ్నం నుంచి ఆ కుర్చీలో కూడా దారాలక్కనే కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ ఆసుపత్రి దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అన్నారా?

దారాలక్కకు ఒక్కతే చెల్లెలు. బస్సు కండక్టరు. టికెట్టు కొనకుండా దిగిపోయినవాణ్ణి వీధి చివరిదాకా వెంటాడి, టికెట్టు కొట్టి చేతిలో పెట్టి వచ్చిన మనిషి. అపెండిక్సు ఆపరేషనుకు చేరింది, రెండో రోజు పంపేశారు. ఆరో రోజు మధ్యాహ్నం, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, సగం స్పృహలో తిరిగొచ్చింది. కౌంటరులో ఉన్నది అక్కే. వెనక వరసలో ఇరవైమంది నిలబడి ఉన్నారు. ఉత్తర్వు బల్ల అద్దం కింద కళ్ళెదుటే ఉంది. చెయ్యి అలవాటు కొద్దీ కొత్త నంబరు వేసింది, గడిలో "లేదు" అని రాసింది, కింద సంతకం పెట్టింది. చెల్లెల్ని స్ట్రెచర్ ఎక్కించి వార్డుకు పంపి, అమ్మకు కబురు చెయ్యడానికి ఫోను దగ్గరకు పరుగెత్తింది. అమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది.

వారం తర్వాత చెల్లెలి కేస్ షీటు, కార్డుతో సహా, రికార్డు రూముకు దిగింది. దారాలక్క పాతది కూడా తీసింది. మొదటి పేజీలోనే, నర్సు ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టి మరీ రాసింది: ఈ ఇంజెక్షను పడలేదు, ఊపిరి ఆగినంత పనయింది, మళ్ళీ ఇవ్వకూడదు. అమ్మ హడలిపోతుందని ఆ పిల్ల ఇంట్లో ఈ మాట చెప్పలేదు. కొత్తదాంట్లో అదే ఇంజెక్షను పేరు ఉంది, ఇచ్చిన టైముతో సహా. ఆ టైము తర్వాత నాలుగు వరసలే ఉన్నాయి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. కానీ ఇక్కడ తప్పు మందేసిన డాక్టరుది కాదు. పాత కాగితం ఎదురుగా ఉంటే అతను ఆ సూది ముట్టుకునేవాడు కాదు. కాగితాన్ని దాచమన్నవాడు ఒకడున్నాడు, దాచిన చెయ్యి ఒకటుంది. ఆ రెండూ ఎవరివో దారాలక్కకు తెలుసు. సొరుగు అడుగున పాత స్టాకు దారం కాస్త మిగిలింది. రెండు కేస్ షీట్లూ కలిపి ముడి వేసింది. ముడి మీద తేదీ చీటీ అంటించి, రికార్డు రూము ముద్ర కొట్టింది. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, ఈ ఆసుపత్రి దాచే ప్రతి జతకూ ముడి వేస్తానని, ఆ ముళ్ళన్నీ ఒకరోజు ఆయన చేత, నలుగురి ముందు, ఆయన వేళ్ళతోనే విప్పిస్తానని. ఆయన చావాలని మాత్రం ఆమె ఎన్నడూ కోరుకోలేదు. చస్తే చదవలేడు.

అప్పట్నుంచి మధ్యాహ్నం కౌంటరులో తను "లేదు" అని రాసిన ప్రతి కార్డునూ గుర్తుపెట్టుకునేది. మర్నాడు ఉదయం కిందికి దిగి పాత కేస్ షీటు వెతికి, మొదటి పేజీ తనే వెళ్ళి వార్డు నర్సుకు చూపించి వచ్చేది. చెల్లెలి లాంటి చావు ఇంకోటి ఆమె చేతుల మీద జరగలేదు. ఆ మనిషి ఇంటికెళ్ళాక రెండూ కలిపి ముడి వేసి, గది చివర్న, బూజు పట్టిన గుడ్డ కప్పిన రాకులో పెట్టేది. కుట్లు చీము పట్టి తిరిగొచ్చిన తాపీమేస్త్రి, పురుడు పోసుకున్న మూడో నాడు రక్తస్రావంతో వచ్చిన టీచరు, నిమ్ము తగ్గకుండానే పంపేసిన ముసలాయన. ఏ రాత ఎవరిదో, ఏ వీధివాళ్ళో, ఆమెకు కంఠతా వచ్చు.

దారం మాత్రం బయట కొనాలి. ఆఫీసులో ఇవ్వడం మానేశారని ఒకసారి అమ్మతో అంది. మర్నాటికి అమ్మ ఎక్కడినుంచో ఒక ఉండ తెచ్చి ఆమె టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. అది మొదలు ప్రతి నెలా ఒక ఉండ. ఎందుకని అమ్మ అడగలేదు. దారాలక్క చెప్పలేదు. చెల్లెలి సంగతి కూడా, డాక్టర్లు సరిగ్గా చూసుకోలేదని మాత్రమే చెప్పింది. ఆ కార్డు రాసింది నేనే అని చెప్పడానికి నాలుగేళ్ళలో వందసార్లు నోరు తెరిచింది, వందసార్లు ఇంకేదో మాట్లాడి మూసుకుంది. అమ్మకు ఉన్నది ఇక తనొక్కతే. ఆ ఒక్కతీ రెండోదాన్ని చంపిందని తెలిస్తే అమ్మ ఏమైపోతుంది?

నాలుగో ఏడు కబురు వచ్చింది. రెండ్రోజుల సారు పద్ధతిని దేశంలో అన్ని ఆసుపత్రుల్లోనూ పెడతారట. సారు రాజధానికి వెళ్ళి, దేశం మొత్తానికి పెద్ద అవుతాడట. చివరిమాటగా ఒక తనిఖీ, అది కూడా లాంఛనమేనట. ఆసుపత్రి గోడలకు సున్నం పడింది. రోగుల దుప్పట్లు తెల్లబడ్డాయి. తనిఖీకి ముందురోజు ఉదయం, నాలుగేళ్ళలో మొదటిసారి, సారు తల వంచుకుని రికార్డు రూములోకి దిగాడు.

పాత కాగితాలన్నీ చిత్తుకాగితాల ఆసామికి వేసెయ్యమని, లారీ పొద్దున్నే వస్తుందని చెప్పి వెళ్ళబోయాడు. వెళ్తూ వెళ్తూ గది చివర్న గుడ్డ కింద నుంచి తొంగిచూస్తున్న ఎర్రదనం చూశాడు. గుడ్డ లాగాడు. ఒక జత తీసి ముడి లాగాడు, బిగుసుకుంది. పైనున్న పేర్లూ తేదీలూ చదువుకున్నాడు. ఇంకోటి తీశాడు, ఇంకోటి. అన్నిటికన్నా పైన విడిగా పెట్టిన జత దగ్గర ఆగాడు. దారం మధ్యలోంచి కొత్త కార్డు అడుగున ఉన్న సంతకం కనిపిస్తోంది. చదివి, ఆమె వైపు చూసి, గొంతు తగ్గించాడు. అరిచినా బాగుండేది అనిపించింది ఆమెకు.

"చూడమ్మా. ఇది మీ చెల్లెలిది కదూ. ఈ రాత నీదే, ఈ సంతకం నీదే. ఇవి బయటికొస్తే నేను ఉత్తర్వు ఇచ్చాననే అంటారు, నువ్వు మాత్రం చేత్తో రాశావంటారు. మీ అమ్మగారు ఉన్నారు కదా?"

ఉన్నారంది.

"ఆవిడకు తెలుసా?"

దారాలక్క గుడ్డ అందుకుని మళ్ళీ రాకు మీద కప్పసాగింది. ఆయనకు జవాబు అందినట్టే ఉంది. కాగితాలు చిత్తుకు వెయ్యాలంటే రికార్డు రూము మనిషి జాబితా మీద సంతకం చెయ్యాలి, అది చట్టం. పొద్దున తొమ్మిదికల్లా సంతకం పెట్టెయ్యమని, తను రాజధానికి వెళ్ళాక ఆమెకు ఇక్కడే హెడ్ క్లర్కు కుర్చీ వేయిస్తానని చెప్పి, చేతులు దులుపుకుని మెట్లెక్కాడు. ఆయన నడక చూస్తే ఇల్లు చక్కబెట్టుకున్నవాడి నడకలాగే ఉంది.

సాయంత్రం ఇంట్లో అమ్మ భోజనం వడ్డించింది. తినబుద్ధి కాకపోయినా తినమంది, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. అది ఆమె నాలుగేళ్ళుగా చేస్తున్న పనే. చెల్లెలు పోయిన వారం కూడా అలాగే కూర్చుని తినిపించింది. ఇవాళ చెప్పెయ్యాలి, ఎవరో చెప్పేకన్నా తను చెప్పడం మేలు అనుకుంది దారాలక్క. గొంతు దాకా వచ్చింది. అమ్మ లేచి, బీరువాలోంచి కొత్త ఉండ తీసి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. నెల ఇంకా నిండలేదు.

"అప్పుడే ఎందుకమ్మా?"

"అయిపోవచ్చిందేమోనని," అంది అమ్మ, పళ్ళెం తీసుకుంటూ.

చెప్పలేకపోయింది. పడుకుని లెక్క వేసుకుంది. సంతకం పెడితే అమ్మ బతికినన్నాళ్ళూ అమ్మగానే ఉంటుంది. ఆయన రాజధానికి వెళ్తాడు. దేశంలో ప్రతి ఆసుపత్రిలో ఒక కౌంటరు, ప్రతి కౌంటరులో తనలాంటి ఒకతి, బల్ల అద్దం కింద అదే ఉత్తర్వు. పెట్టకపోతే ఆయన పడతాడు, తనూ పడుతుంది, అమ్మకు తెలుస్తుంది. దేశం సంగతి దేశం చూసుకుంటుందని అనుకోబోయింది. కానీ కళ్ళు మూసుకుంటే ఆయన చేతులు దులుపుకున్న తీరే కనిపించింది. నిజం చెప్పాలంటే, ఆమెను నిలబెట్టింది దేశం కాదు, ఆ దులుపుకోవడమే.

పొద్దున తొమ్మిదికి లారీ వచ్చింది. దారాలక్క సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. రాకుల దుమ్ము దులుపుతూ, ఇంకా సరిచూసుకోవాలంది. ఆసామి రెండుసార్లు అడిగి, లారీని పోర్టికో అడ్డంగా ఆపుకుని, స్టీరింగు మీద తల పెట్టి కునుకు తీశాడు. సారు దగ్గర్నుంచి ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ఆమె దుమ్ము దులుపుతూనే ఉంది. తనిఖీ కారు గంట ముందే వచ్చేసింది.

తనిఖీకి వచ్చినావిడ నెరిసిన జుట్టు మనిషి. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేసి పైకెదిగింది, నడక ఇంకా నర్సు నడకే. లారీ అడ్డుండటంతో కారు దిగి, ఇదేమిటని ఆసామినే అడిగింది. పూలగుత్తితో ఎదురొచ్చిన సారు నోరు తెరిచేలోగా ఆసామి నిద్రమత్తులో ఉన్నమాట చెప్పేశాడు.

"పాత కేస్ షీట్లండి. కిందున్న అమ్మగారు సంతకం పెట్టట్లేదు. సంతకం లేకుండా నేను కాగితం ముట్టుకోనండి, పోయినసారి స్టేషన్ చుట్టూ ఆర్నెల్లు తిరిగాను."

తనిఖీకి వచ్చే రోజే కాగితాలు ఎందుకు పంపేస్తున్నారని ఆవిడ అడిగింది. చోటు కోసమన్నాడు సారు. కింద చెమ్మ ఎక్కువ, తమరు దిగొద్దన్నాడు. ఆవిడ అప్పటికే సగం మెట్లు దిగింది. వెనకే బృందం, డాక్టర్లు, నర్సులు, ఆఖరికి వంటింటివాళ్ళు కూడా వచ్చి గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు.

దారాలక్క గుడ్డ తీసేసి ఉంచింది. రాకు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రదారాలే. పెద్దావిడ ఒక జత మీద వేలు పెట్టి నిమిరింది.

"ఈ దారం చూసి పాతికేళ్ళయింది. మా రోజుల్లో ఇది కనబడితే డాక్టర్లు కూర్చుని చదివేవాళ్ళు. ఏమిటమ్మా ఇవన్నీ?"

"తిరిగొచ్చినవాళ్ళు మేడమ్. నాలుగేళ్ళవి. ఆరువందల పన్నెండు."

ఆసుపత్రి పంపిన నివేదికలో తిరిగొచ్చినవాళ్ళు పదకొండుమందే అని ఉంది. ఆవిడ సారు వైపు తిరిగింది. ఆయన తడబడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈమె చెల్లెలు ఇక్కడే చనిపోయిందని, అప్పట్నుంచి ఆసుపత్రి మీద కక్ష పెట్టుకుందని, సంబంధం లేని కాగితాల్ని జతకట్టి దొంగకట్టలు తయారుచేసిందని గడగడా చెప్పాడు.

"కక్ష ఉన్నమాట నిజమే మేడమ్," అంది దారాలక్క. "దొంగకట్టలో కాదో విప్పితే తెలుస్తుంది."

ఎవరో కత్తెర అందించారు. పెద్దావిడ వద్దంది. ముడి మీద తేదీ ఉంది, ముద్ర ఉంది, మధ్యలో కాగితం దూర్చలేదనడానికి ఈ ముడే సాక్ష్యమంది. కత్తిరిస్తే రేపు మార్చారంటారు, అందుకని విప్పాలంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, చాలా మామూలుగా, దొంగకట్టలన్నది మీరే కనక మీరే విప్పండి డాక్టరుగారూ, పేరూ తేదీలూ పైకి చదవండి, మావాళ్ళు రాసుకుంటారంది. ఇది ఎలా జరిపించాలా అని దారాలక్క నాలుగేళ్ళు లక్ష తీర్లుగా ఊహించుకుంది. ఇంత తేలిగ్గా ఆయన నోటితోనే తనను తాను కట్టేసుకుంటాడని ఊహించలేదు.

సారుకు ఇంకో అస్త్రం మిగిలుంది. అలాగే విప్పుదాం, ముందు ఈమె చెల్లెలిదే విప్పుదాం, ఆ కార్డు ఎవరు రాశారో అందరూ చూడాలన్నాడు. తాటాకు చప్పుళ్ళకు బెదరని కుందేలేమీ కాదు దారాలక్క, బెదిరింది. గుమ్మం దగ్గర నలభై జతల కళ్ళున్నాయి, సాయంత్రానికి ఈ మాట అమ్మ ఉండే వీధికి చేరుతుంది.

"అది పైనే పెట్టాను సార్," అంది. "అదొక్కటి నేను విప్పుతాను."

ఒక కొస వెనక్కి తోసి, రెండోదాన్ని గోటితో ఎత్తింది. ముడి అరక్షణంలో వదులైంది. చెల్లెలి పేరు చదివింది, వయసు చదివింది. గతంలో ఈ ఆసుపత్రిలో చేరారా, లేదు. రాసినది రికార్డు రూము గుమాస్తా, అంటే నేను. ఆ మాట గట్టిగానే చదివింది. తర్వాత పాతది తెరిచి ఎర్రసిరా వరసలు చదివింది. అక్కడ ఏడ్చింది, ఏడుస్తూనే చదవడం పూర్తిచేసింది. తప్పుచేసినవాళ్ళ జాబితాలో మొదట తన పేరు రాసుకోమంది.

"ఇక మిగతావి సారు విప్పాలి," అని కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగింది.

రెండ్రోజుల సారు మొదటి ముడి విప్పడానికి పావుగంట పట్టింది. లాగాడు, బిగిసింది. తిప్పాడు, ఇంకా బిగిసింది. ఆఖరికి గోళ్ళు దూర్చి పీకి వదులు చేశాడు. కిటుకు చెప్పమని పెద్దావిడ దారాలక్కను అడగలేదు, దారాలక్క తనంతట చెప్పలేదు. ఒక్కో జత తెరుచుకునేకొద్దీ గుమ్మం దగ్గర మాటలు తగ్గిపోయాయి. అదే పేరు, అదే ఇల్లు, అదే ఆపరేషను, వారం తేడా. తాపీమేస్త్రిది చదివాడు. టీచరుది చదివాడు. బాగా పొద్దుపోయేసరికి రెండువందలు అయ్యాయి. ఇక చాలు కదా అన్నట్టు చూశాడు. రేపు కూడా ఉంటామంది పెద్దావిడ. మర్నాటికి వేళ్ళకు ప్లాస్టర్లు చుట్టుకుని వచ్చాడు. ఎవరికీ మూడో రోజు ఇవ్వని మనిషి, మూడో రోజు మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని ముళ్ళు విప్పాడు. ఆ మూడు రోజులూ దారాలక్క ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూసింది. జాలి కలుగుతుందేమోనని లోపల వెతుక్కుంది కూడా. కలగలేదు. కడుపు నిండా భోంచేసినట్టుంది.

ఆఖరి జత చదివాక పెద్దావిడ తన కాగితం చూసుకుంది. ఇంకొక్క రోజు ఉంచితే సరిపోయే మనిషిని రెండు రోజుల్లో పంపి, మళ్ళీ నాలుగు రోజులు, ఐదు రోజులు ఉంచారని లెక్క తేలింది.

"మూడు రోజుల ఖర్చు ఆరేడు రోజులదైంది. పైగా మనిషికి నరకం. ఇందులో పొదుపెక్కడుంది డాక్టరుగారూ?"

ఆ పద్ధతి దేశమంతా పాకకుండా అక్కడే ఆగింది. మనిషికి జన్మంతా ఒకే నంబరు, కుట్లు మానేదాకా మంచం, తిరిగొస్తే పాత కేస్ షీటు కట్టి పంపాలి అని తర్వాత ఉత్తర్వులు వచ్చాయి. స్టోర్సు జాబితాలోకి దారం ఉండలు మళ్ళీ ఎక్కాయి. ఇవన్నీ నెలల మీద జరిగిన సంగతులు. ఆ రోజు మటుకు రెండు సస్పెన్షన్ కాగితాలు టైపు చేశారు. ఒకటి సారుకు, ఒకటి దారాలక్కకు. ఆమె తనది తీసుకుని, నేల మీద కుప్పపడిన దారాలన్నీ గుడ్డసంచిలోకి ఎత్తుకుని, ఇంటికి బయల్దేరింది.

మొదటి రెండు రాత్రులూ అమ్మ ఎప్పట్లాగే తినిపించింది, ఏమీ అడగలేదు, తనూ చెప్పలేదు. ఇవాళ అమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఎందుకింత తొందరగా వచ్చావనలేదు. దారాలక్క సంచి అమ్మ ఒళ్ళో పెట్టి, కింద కూర్చుని, నాలుగేళ్ళు మింగిన మాట కక్కేసింది.

"చెల్లెలి కార్డు రాసింది నేనేనమ్మా. చేరలేదని నేనే రాశాను."

అమ్మ సంచిలోంచి దారాలు తీసి, ఒక్కోటీ మోకాలి మీద సాపు చేస్తోంది.

"తెలుసు. ఆ రోజు దాని తలగడ పక్కన కార్డు ఉంది. నేను దిద్దించిన అక్షరాలు నేను పోల్చుకోలేనా?"

దారాలక్క తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది. మరి ఎందుకు అడగలేదని, ఎందుకు తిట్టలేదని, ఎందుకు ఎదురుగా కూర్చుని అన్నాళ్ళూ తినిపించావని అడిగింది.

"నీ మీద కోపం లేదనుకోకు. ఉంది, పోదు. కానీ నువ్వు తినక మంచాన పడితే, నీచేత అలా రాయించినవాడి పని పట్టేదెవరు? నాలుగేళ్ళూ దారం ఎందుకు కొన్నాననుకున్నావు?"

అమ్మ వేళ్ళు దారాల్లో వెతుకుతూనే ఉన్నాయి. అన్నీ పీచు లేచి, మెలికలు పడి, అక్కడక్కడ రక్తపు మరకలతో ఉన్నాయి. ఒక్కటి మాత్రం నున్నగా ఉంది, కాస్త పాత రంగు. దాన్ని విడదీసి, చుట్టచుట్టి, కొంగున కట్టుకుంది. తర్వాత మిగతావాటి వైపు తిరిగింది.

"వాడి గోళ్ళు ఊడాయా?"

"రెండు."

అమ్మ దారాల కుప్పను చేత్తో తూకం వేసినట్టు ఎత్తి చూసింది.

"ఆరువందల ముళ్ళకి రెండేనా," అంది. "ఇంకాస్త బిగించాల్సింది."